ప్రభుత్వాసుపత్రిలోని పసికందులకు అల్లిన టోపీలు ఇవ్వొచ్చా? ఎవరిని అడగాలి?

ఇంట్లో అల్లిన టోపీలు, మేజోళ్లు ప్రభుత్వాసుపత్రిలో పుట్టిన పిల్లలకు ఇవ్వాలనుకునేవారికి మొదట వచ్చే సందేహం ఇదే. ఇవ్వొచ్చు. కాకపోతే సంచి పట్టుకుని నేరుగా వార్డులోకి వెళ్లి పంచడం కుదరదు. నవజాత శిశువుల గదిలోకి బయటివారిని రానివ్వకపోవడానికి కారణం ఇన్‌ఫెక్షన్ భయం.

టోపీతో అంత పనేముంది?

అప్పుడే పుట్టిన బిడ్డ శరీర ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఒంటితో పోలిస్తే పసివాళ్ల తల పెద్దది, అందుకే వేడి అక్కడి నుంచి బాగా పోతుంది. 37 వారాలు నిండకుండా పుట్టినవారు, రెండున్నర కిలోలలోపు బరువున్నవారు ఇంకా త్వరగా చల్లబడతారు. చల్లబడిన బిడ్డ పాలు సరిగా తాగదు, రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి తీసుకోవడమూ కష్టమవుతుంది. మన దగ్గర ఎండలకు కొదవేముంది అనుకోవద్దు. తడి ఒళ్లు, ఫ్యాను గాలి, ఏసీ గది చాలు.

జంగారెడ్డిగూడెం ఏరియా ఆసుపత్రికి బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వంటి ఏజెన్సీ మండలాల నుంచీ కాన్పులకు వస్తారు. జాతీయ మార్గదర్శకాల ప్రకారం 1,800 గ్రాముల కన్నా తక్కువ బరువున్న బిడ్డను ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ విభాగం, అంటే ఎస్‌ఎన్‌సీయూ ఉన్న పెద్దాసుపత్రికి పంపాలి. ఏలూరు వెళ్లాలంటే 50 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. దారిలో బిడ్డ చల్లబడకూడదు. తలకు సరిపోయే టోపీ విలువ అక్కడ తెలుస్తుంది.

స్వెట్టర్ కన్నా టోపీయే మేలు

చాలామంది ముచ్చటపడి ముందు స్వెట్టరే అల్లుతారు. కానీ తక్కువ బరువు పిల్లలకు చేసే కంగారూ సంరక్షణలో బిడ్డకు టోపీ, మేజోళ్లు, న్యాప్‌కిన్ మాత్రమే ఉంచి తల్లి గుండెలకు ఆనించి పడుకోబెడతారు. చర్మానికి చర్మం తగలాలి కాబట్టి స్వెట్టర్ అడ్డమే. ఇలా రోజుకు కనీసం 8 గంటలు ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది.

నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత సాధారణంగా 33 నుంచి 35 సెంటీమీటర్లు. ఒకటిన్నర కిలోల బిడ్డకైతే 28 దగ్గర ఉంటుంది, అంటే పెద్ద బత్తాయి కన్నా కాస్త పెద్దది. అల్లిక సాగుతుంది కనుక టోపీని తల కొలత కన్నా రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా అల్లాలి. వదులైతే కళ్ల మీదికి, ముక్కు మీదికి జారుతుంది.

మెత్తటి నూలు దారం మంచిది. షాపుల్లో ఊలు పేరుతో అమ్మేది ఎక్కువగా అక్రిలిక్. అదీ పనికొస్తుంది, కాకపోతే మరీ వేడినీళ్లలో వేస్తే ఆకారం పోతుంది. నూగు రాలేది, గుచ్చుకునేది వద్దు. గుండీలు, పూసలు, రిబ్బన్లు, కుచ్చులు అసలే వద్దు.

ఇక్కడే మన జిల్లాలవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. నరసాపురం లేసు అల్లికకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. క్రోషే సూది పట్టిన చేతులకు గోదావరి తీరంలో కొరత లేదు. అయితే లేసు అందమంతా దాని కన్నాల్లోనే ఉంది. పసికందు మేజోడులో ఆ కన్నాలే ప్రమాదం: చిన్న వేలు ఇరుక్కుంటే దారం బిగిసి రక్తం ఆడదు. ఎడం లేకుండా దగ్గర దగ్గరగా అల్లండి. లోపలి వైపు దారపు కొసలు వేలాడకూడదు.

బొమ్మలు ఇవ్వొచ్చా?

నెలలు నిండని పిల్లల పక్కన అల్లిన ఆక్టోపస్ బొమ్మ పెట్టడం 2013లో డెన్మార్క్‌లో మొదలైంది. బొడ్డుతాడును తలపించే దాని కాళ్లను బిడ్డ పట్టుకుంటుందని ఆలోచన. ఆ కాళ్లు సాగదీసినా 22 సెంటీమీటర్లు దాటకూడదని, బొమ్మను 60 డిగ్రీల వేడినీటిలో ఉతకగలగాలని నియమాలున్నాయి. ముద్దుగా ఉంటుంది, నిజమే. కానీ దూది కుక్కిన బొమ్మ క్రిములకు నెలవు. ఆసుపత్రి అడిగితే తప్ప అల్లకపోవడమే నయం.

కాస్త పెద్ద పిల్లలున్న వార్డులకు దుప్పట్లు పనికొస్తాయి. చెన్నైకి చెందిన మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం 2016లో 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి అల్లి గిన్నిస్ రికార్డు సాధించింది, తర్వాత దాన్ని విడదీసి దానమిచ్చింది. కీమోథెరపీతో జుట్టు రాలిన పిల్లలకు లోపల కుట్టు తగలని మెత్తటి టోపీలు కావాలి.

ఎవరిని అడగాలి?

అల్లడం మొదలుపెట్టకముందే ఆసుపత్రి సూపరింటెండెంట్ కార్యాలయంలో గానీ, పిల్లల వార్డు హెడ్ నర్సును గానీ కలవండి. ఏ సైజు, ఎన్ని, ఏ నెలలో కావాలో వాళ్లే చెబుతారు. ముందే ఉన్నవి మిగిలిపోతుంటే వద్దనీ అంటారు, నొచ్చుకోవద్దు. ఏపీలో విరాళాలకు ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ ఉంటుంది. ఇచ్చిన వస్తువులను స్టాక్ రిజిస్టరులో రాయించి రసీదు తీసుకోండి.

సువాసన లేని సబ్బుతో ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఒక్కో జత విడిగా కవరులో పెట్టి, పైన సైజు, దారం రకం రాయండి. ఆసుపత్రిలో మళ్లీ ఉతికాకే వాడొచ్చు. బిడ్డతో ఫొటో అడగొద్దు.

ఇంకొక మాట. ఆసుపత్రిలో నర్సు కనిపెట్టుకుని ఉంటుంది. ఇంటికి వెళ్లాక, నెలలు నిండి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు నిద్రలో టోపీ తీసేయాలి, ఒళ్లు వేడెక్కినా, టోపీ ముఖం మీదికి జారినా ప్రమాదం. తక్కువ బరువు బిడ్డకు ఎన్నాళ్లు ఉంచాలో డిశ్చార్జి రోజే డాక్టరును అడగాలి. ఈ సంగతి చిన్న చీటీ మీద తెలుగులో రాసి కవరులో పెడితే తల్లికి ఉపయోగపడుతుంది.