అనలాగ్ మల్టీప్లెక్సర్ బోర్డుపై జంపర్లు, లోడ్‌లు: ఒక చారిత్రక పరిశీలన

1.0 ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• చేతితో కలిపే టెలిఫోన్ స్విచ్‌బోర్డు నుంచి సీమాస్ మల్టీప్లెక్సర్ వరకు జరిగిన మార్పును వివరించగలుగుతారు.
• ఎవాల్యుయేషన్ బోర్డుపై జంపర్ చేసే పనినీ, లోడ్ చేసే పనినీ వేరువేరుగా గుర్తించగలుగుతారు.
• కొలత రాసేటప్పుడు లోడ్ విలువను కూడా ఎందుకు రాయాలో కారణాలతో చెప్పగలుగుతారు.

1.1 పరిచయం

ఇద్దరు విద్యార్థులు ఒకే ఎవాల్యుయేషన్ బోర్డుపై ప్రయోగం చేశారనుకోండి. చిప్ ఒకటే, సరఫరా వోల్టేజి ఒకటే. ఛానల్‌ను ఆఫ్ చేసినప్పుడు మొదటి విద్యార్థికి అవుట్‌పుట్ వోల్టేజి చప్పున పడిపోయింది. రెండో విద్యార్థికి అది దాదాపు ఒక మైక్రోసెకను పాటు నెమ్మదిగా జారింది. రెండో విద్యార్థి తన ప్రయోగం తప్పిందనుకుని అంకెను కొట్టివేస్తాడు, లేదా చిప్ చెడిపోయిందని రాస్తాడు. నిజానికి ఇద్దరి కొలతలూ సరైనవే. తేడా లోడ్‌లో ఉంది. ఇది ఎలా సాధ్యమో అర్థం కావాలంటే స్విచ్ చరిత్రను కొంత తెలుసుకోవాలి.

1.2 చేతితో కలిపిన తీగ

1878 జనవరిలో అమెరికాలోని న్యూ హావెన్ నగరంలో జార్జ్ కోయ్ తొలి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్చేంజిని ప్రారంభించాడు. చందాదారులు 21 మంది. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆపరేటర్ చేతితో వలయాన్ని కలపవలసిందే. అనేక తీగలలో ఒకదాన్ని ఎన్నుకుని ఒక దారికి కలపడమే మల్టీప్లెక్సర్ చేసే పని. ఆనాడు ఆ పని మనిషి చేసేవాడు.

కాన్సస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసే ఆల్మన్ స్ట్రోజర్, తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటర్ పోటీదారుకు మళ్లిస్తున్నట్లు అనుమానించాడని చెబుతారు. ఆయన రూపొందించిన స్వయంచాలిత స్విచ్‌కు 1891లో పేటెంట్ లభించింది. 1892 నవంబరులో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో ఆ పద్ధతిపై ఎక్స్చేంజి మొదలయింది. తరువాత స్థిరపడిన రూపంలో ఈ స్విచ్ చేయి మొదట పైకి, తరువాత పక్కకు కదిలి, పది వరుసలలో పదేసి కాంటాక్టుల నుంచి ఒకదాన్ని పట్టుకునేది. చందాదారు డయల్ చేసిన అంకెలే దానికి చిరునామా. నేటి మల్టీప్లెక్సర్‌లో అడ్రస్ లైన్లు చేసేది ఇదే పని.

1.3 లోహపు కాంటాక్టు నుంచి సీమాస్ వరకు

1936లో బెల్ ప్రయోగశాలలలో డబ్ల్యు.బి. ఎల్వుడ్ రీడ్ స్విచ్‌ను కనిపెట్టాడు. గాజు గొట్టంలో మూసి ఉంచిన రెండు సన్నని లోహపు పలకలు అయస్కాంత క్షేత్రంలో ఒకదానినొకటి తాకుతాయి. ఇటువంటి కాంటాక్టు నిరోధం సుమారు 0.1 ఓమ్ మాత్రమే. అయితే పలకలు కదలాలి కాబట్టి మిల్లీసెకను స్థాయి సమయం పడుతుంది.

1963లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో ఫ్రాంక్ వాన్లాస్, సి.టి. సా సీమాస్ వలయాన్ని ప్రతిపాదించారు. 1968లో ఆర్‌సీఏ సంస్థ 4000 శ్రేణి సీమాస్ చిప్‌లను ప్రకటించింది. ఆ శ్రేణికి చెందిన సీడీ4051లో ఎనిమిది ఛానళ్లు, మూడు అడ్రస్ లైన్లు, అన్ని ఛానళ్లనూ ఒకేసారి ఆపే ఒక ఇన్‌హిబిట్ పిన్ ఉంటాయి. ప్రతి ఛానల్‌లో ఒక ఎన్ రకం, ఒక పి రకం ట్రాన్సిస్టర్ సమాంతరంగా ఉంటాయి. తక్కువ వోల్టేజిని ఎన్ రకం, ఎక్కువ వోల్టేజిని పి రకం బాగా పంపుతాయి.

ఈ మార్పులో లాభంతో పాటు నష్టమూ ఉంది. కదిలే భాగం లేదు, వేగం పెరిగింది, పదహారు పిన్నుల చిప్‌లో ఎనిమిది స్విచ్‌లు ఇమిడాయి. కాని సీడీ4051 ఛానల్ ఆన్‌లో ఉన్నప్పటి నిరోధం 15 వోల్టుల సరఫరా వద్ద సాధారణంగా 125 ఓమ్‌లు, 5 వోల్టుల వద్ద సుమారు 470 ఓమ్‌లు. 0.1 ఓమ్ కాంటాక్టును వలయంలో లేనట్టే చూడవచ్చు. 125 ఓమ్‌లను అలా చూడలేం.

1.4 జంపర్: ఒక్కసారి తీసుకునే నిర్ణయం

ఆపరేటర్ చేతిలోని తీగ చేసిన పని కాలక్రమంలో రెండుగా చీలింది. క్షణక్షణం మారే కలయికలు రిలేకూ, చిప్‌కూ వెళ్లాయి. ఒకసారి నిర్ణయించి వదిలేసే కలయికలు మనిషి చేతిలోనే ఉండిపోయాయి. 1946లో ప్రజలకు చూపిన ఎనియాక్ కంప్యూటర్‌కు కొత్త లెక్క ఇవ్వాలంటే కేబుళ్లను తీసి మళ్లీ అమర్చవలసి వచ్చేది. 1981 నాటి ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌లో మెమరీ ఎంత ఉన్నదో మదర్‌బోర్డుపై ఉన్న చిన్న స్విచ్‌ల ద్వారా తెలిపేవారు. 2.54 మిల్లీమీటర్ల ఎడంతో ఉండే రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు, అంటే జంపర్, ఈ వంశానికే చెందింది.

మల్టీప్లెక్సర్ ఎవాల్యుయేషన్ బోర్డుపై జంపర్లు సాధారణంగా మూడు ప్రశ్నలకు సమాధానమిస్తాయి:
(అ) అడ్రస్, ఎనేబుల్ పిన్నులు సరఫరాకు కలవాలా, భూమికి కలవాలా, లేక బయటి సిగ్నల్‌కు వదలాలా?
(ఆ) రుణ సరఫరా పిన్ భూమికి కలవాలా, రుణ వోల్టేజికి కలవాలా?
(ఇ) ఏ ఛానల్‌కు లోడ్ తగిలించాలి?

మొదటి ప్రశ్నను నిర్లక్ష్యం చేయకూడదు. సీమాస్ ఇన్‌పుట్ దేనికీ కలవకుండా గాలిలో ఉంటే దాని స్థితి అనిశ్చితం. చేయి దగ్గరకు తెస్తేనే ఛానల్ మారిపోవచ్చు. సరఫరా ఆపిన తరువాతే జంపర్లను మార్చండి. తప్పు పిన్నులపై తొడుగు పడితే సరఫరా నేరుగా భూమికి కలిసిపోతుంది.

1.5 లోడ్: కొలతలో కనిపించని భాగస్వామి

కొలతకు లోడ్‌ను ముందుగా ఒప్పుకోవడం కొత్త ఆచారం కాదు. 1939లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలూ, సీబీఎస్, ఎన్‌బీసీ రేడియో సంస్థలూ ధ్వని స్థాయిని కొలవడానికి 600 ఓమ్‌ల లోడ్‌లో 1 మిల్లీవాట్‌ను ప్రమాణంగా స్వీకరించాయి. దీని ప్రకారం సున్నా డెసిబెల్ స్థాయి 0.775 వోల్టులు. లోడ్ ఎంతో చెప్పకపోతే ఆ మిల్లీవాట్ ఎన్ని వోల్టులో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు మన చిప్‌ను చూద్దాం. 125 ఓమ్‌ల ఛానల్ ద్వారా 300 ఓమ్‌ల లోడ్‌కు సిగ్నల్ పంపితే లోడ్ వద్ద అందేది 300/425, అంటే సుమారు 71 శాతం. లోడ్ 10 కిలో ఓమ్‌లయితే 98.8 శాతం అందుతుంది. చిప్ మారలేదు, లోడ్ మారింది.

కాలం విషయంలోనూ ఇంతే. నేటి అనేక అనలాగ్ స్విచ్‌ల డేటా షీట్‌లలో స్విచింగ్ కాలాన్ని 300 ఓమ్‌లు, 35 పికోఫారడ్‌ల లోడ్‌తో కొలుస్తారు. ఛానల్ ఆఫ్ అయినప్పుడు కెపాసిటర్‌లోని ఆవేశం లోడ్ నిరోధం గుండానే పోవాలి. కాలస్థిరాంకం 300 × 35 పికో, అంటే 10.5 నానోసెకన్లు. వోల్టేజి పదో వంతుకు తగ్గడానికి దానికి 2.3 రెట్లు, అంటే సుమారు 24 నానోసెకన్లు పడుతుంది. 10 కిలో ఓమ్‌ల లోడ్‌తో ఇదే తగ్గుదలకు సుమారు 805 నానోసెకన్లు కావాలి. పరిచయంలోని రెండో విద్యార్థి కొలిచింది చిప్ వేగాన్ని కాదు, తాను అమర్చిన లోడ్ నుంచి ఆవేశం పోయే కాలాన్ని.

మరో జాగ్రత్త అవసరం. డేటా షీట్‌లోని 35 పికోఫారడ్‌లలో సాధారణంగా పరికరాల, తీగల కెపాసిటెన్స్ కూడా కలిసే ఉంటుంది. ఆసిలోస్కోప్ 10:1 ప్రోబ్ ఒక్కటే 10 నుంచి 15 పికోఫారడ్‌ల వరకు కలుపుతుంది. బోర్డుపై ఖాళీగా ఉంచిన చోట పూర్తి 35 పికోఫారడ్‌ల కెపాసిటర్‌ను అతికి, దానిపై ప్రోబ్ పెడితే కొంత భాగాన్ని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది.

1.6 సారాంశం

ఆపరేటర్ తీగ నుంచి సీమాస్ ఛానల్ వరకు స్విచ్ చిన్నదయింది, వేగవంతమయింది. కాని వలయంలో తాను లేనట్టు ఉండే గుణాన్ని కోల్పోయింది. అందువల్ల దాని పనితీరును లోడ్‌తో కలిపే చెప్పాలి. ప్రయోగ పుస్తకంలో ముందుగా జంపర్ల స్థానాలు, తరువాత సరఫరా వోల్టేజి, లోడ్ నిరోధం, లోడ్ కెపాసిటెన్స్ రాయండి. కొలిచిన అంకెను చివర రాయండి. డేటా షీట్‌తో తేడా వస్తే, అంకెను కొట్టివేసే ముందు ఈ పట్టికను సరిచూసుకోండి. లోడ్ చెప్పని కొలత సగం కొలతే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. స్ట్రోజర్ స్విచ్‌కూ, సీడీ4051కూ మధ్య పోలికలు, భేదాలు రాయండి.
2. ఛానల్ నిరోధం 125 ఓమ్‌లు, లోడ్ 1 కిలో ఓమ్ అయినప్పుడు లోడ్‌కు సిగ్నల్‌లో ఎంత శాతం అందుతుంది?
3. అడ్రస్ పిన్నుల వద్ద జంపర్లు పెట్టడం మరచిపోతే ఏమి జరగవచ్చు? కారణం తెలపండి.