ఆరో తీగ: నున్నటిదా, చుట్టినదా?

1954లో అమెరికాలో కంట్రీ పాటలు వినేవాళ్ల నోట ఒకటే పాట. వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’. కంట్రీ పాటల జాబితాలో 17 వారాలు మొదటి స్థానం దానిదే. జనం పియర్స్ గొంతుకు మురిసిపోతుంటే, స్టీల్ గిటార్ వాయించేవాళ్లు మాత్రం ఆ పాటలోని వాద్యం దగ్గరే ఆగిపోయారు. అప్పటిదాకా ఆ వాద్యం మీద స్వరం మారాలంటే చేతిలోని ఉక్కు కడ్డీని జరపాలి. కడ్డీ జరిగితే దానికింది తీగలన్నీ ఒక్కుమ్మడిగా పైకో కిందికో పోతాయి. ఈ పాటలో అలా జరగలేదు. కొన్ని స్వరాలు ఉన్నచోటే నిలబడి ఉండగా, వాటి పక్కనున్నవి మెల్లగా పైకి లేచి కొత్త మేళవింపులో కుదురుకున్నాయి. బడ్ ఐజాక్స్ అనే వాద్యకారుడు తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కాడు. రహస్యం అంతే.

అంతకుముందు తీగ బాగా మోగితే చాలు. ఆ తరవాత అది మోగుతూ సాగాలి, కాలు తీయగానే మళ్లీ సరిగ్గా పాత స్వరానికే రావాలి. పెడల్ స్టీల్ వాయించేవాళ్లు ఇప్పటికీ వాదించుకునే ప్రశ్నకు మూలం అక్కడుంది: ఆరో తీగ నున్నటిది వేయాలా, పైన లోహపు తీగ చుట్టినది వేయాలా?

సరిహద్దు మీది తీగ

పెడల్ స్టీల్ చూడటానికి నాలుగు కాళ్ల సన్నటి బల్లలా ఉంటుంది. వాద్యకారుడు దాని ముందు కూర్చుంటాడు. ఎడమ చేతిలో గుండ్రటి ఉక్కు కడ్డీ, కుడి చేతి వేళ్లకు మీటే తొడుగులు. ఎడమ పాదం కింద పెడళ్లు, మోకాళ్లకు రెండు పక్కలా మీటలు, కుడి పాదం కింద ధ్వని పెంచి తగ్గించే పెడల్. రెండు చేతులు, రెండు పాదాలు, రెండు మోకాళ్లు ఒక్కసారే పనిచేసే వాద్యం ఇది.

కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో స్థిరపడిన ‘ఈ నైన్త్’ శ్రుతికి పది తీగలు. మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. మొదటి ఐదు తీగలూ నున్నటి ఉక్కువే. వాటిలో సన్నటిది మూడోది, 11 వంతులు. ఐదోది 17. ఏడో తీగ 26 వంతుల చుట్టు తీగ. అక్కడి నుంచి పదో తీగ దాకా అన్నీ చుట్టినవే, చివరిది 36 గానీ 38 గానీ ఉంటుంది. మధ్యలో మిగిలింది జి షార్ప్ పలికే ఆరో తీగ. 20 వంతుల నున్నటి తీగ వేసినా అది పలుకుతుంది, 22 వంతుల చుట్టు తీగ వేసినా పలుకుతుంది. బరువులో రెండూ దాదాపు సమానం. 24 అంగుళాల నిడివిలో ఆ శ్రుతికి బిగిస్తే రెండింటి మీదా పడే లాగుడు సుమారు పది కిలోలు. శ్రుతి ఒకటే, బిగువు ఒకటే. అయినా పెడల్ తొక్కగానే రెండూ రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి.

చుట్టు ఎందుకు పుట్టింది?

ఫ్రాన్స్‌కు చెందిన మారెన్ మెర్సెన్ 1636లో అచ్చువేసిన గ్రంథంలో తీగల సూత్రాలు చెప్పాడు. తీగ పొడవు పెరిగితే స్వరం దిగుతుంది. బిగువు పెరిగితే ఎక్కుతుంది. తీగ బరువెక్కితే మళ్లీ దిగుతుంది. మంద్ర స్వరం కావాలంటే పొడవైన తీగ గానీ బరువైన తీగ గానీ కావాలన్నమాట. ఆ కాలపు వాద్యాలకు జంతువుల పేగుతో చేసిన తీగలు కట్టేవారు. మంద్రానికి పేగును లావుగా పేనాలి. లావెక్కిన కొద్దీ తీగ బిర్రబిగిసి, ధ్వని మూగబోయేది. సన్నటి తీగ చుట్టూ లోహపు తీగను దగ్గరదగ్గరగా చుడితే బరువు వస్తుంది, వంగే గుణం పోదు. 17వ శతాబ్దం మధ్యలో ఐరోపా కనిపెట్టిన ఉపాయం ఇది. లండన్‌లో సంగీత గ్రంథాలు ప్రచురించే జాన్ ప్లేఫర్డ్ 1664లోనే ఇలాంటి తీగల గురించి ప్రకటించాడు.

ఇప్పటి చుట్టు తీగను పట్టి చూస్తే, లోపల ఒక ఉక్కు తీగ ఉంటుంది, చాలావాటిలో ఆరు పలకలది. ఆ పలకల అంచులు పైచుట్టును జారకుండా పట్టుకుంటాయి. పైచుట్టు నికెల్ పూత వేసిన ఉక్కుదో, స్టెయిన్‌లెస్ స్టీల్‌దో. లాగుడంతా మోసేది లోపలి తీగే. చుట్టు బరువు మాత్రం ఇస్తుంది. ఆరో తీగ పేచీ అంతా ఈ ఒక్క సంగతిలోనే ఉంది.

హవాయి నుంచి నాష్‌విల్‌కు

గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి తీగల మీద లోహపు కడ్డీ జరిపే వాయింపు హవాయి దీవుల్లో పుట్టింది. 1889 ప్రాంతంలో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు దాన్ని సాధన చేసి ఒక పద్ధతిగా మలిచాడని ఎక్కువమంది ఒప్పుకుంటారు. అతనికంటే ముందే హొనొలులులో ఇలా జరిపి వాయించాడని ఇంకొకరి పేరూ వినిపిస్తుంది. అతను గాబ్రియేల్ డేవియన్, ఇండియాలో పుట్టినవాడు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శన తరవాత హవాయి సంగీతమంటే అమెరికా అంతా పడిచచ్చింది. 1932లో మార్కెట్లోకి వచ్చిన తొలి విజయవంతమైన ఎలక్ట్రిక్ గిటార్ కూడా ఒళ్లో పెట్టుకుని వాయించే స్టీల్ గిటారే. జార్జ్ బోషాంప్ రూపొందించిన దాన్ని ఆకారం చూసి ‘ఫ్రైయింగ్ పాన్’ అన్నారు.

అక్కడే ఒక చిక్కు వచ్చింది. కడ్డీ తిన్నగా ఉంటుంది కాబట్టి ఏ శ్రుతిలో తీగలు కట్టారో ఆ మేళవింపులే పలుకుతాయి. అందుకని ఒకే వాద్యానికి రెండు మూడు మెడలు పెట్టి, ఒక్కో మెడకు ఒక్కో శ్రుతి కట్టారు. 1940 ప్రాంతంలో గిబ్సన్ సంస్థ ‘ఎలక్ట్రాహార్ప్’ పేరుతో పెడళ్లున్న వాద్యం తెచ్చింది. అయితే వాద్యకారులు పెడళ్లను ఎక్కువగా ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మారడానికే వాడేవారు. మోగుతున్న తీగను సాగదీసి, ఆ సాగడాన్నే జనానికి వినిపించవచ్చని ‘స్లోలీ’తో చాటినవాడు ఐజాక్స్.

ఆరో తీగ కథలో ఆ తరవాతి పేరు బడ్డీ ఎమన్స్. ఇండియానా రాష్ట్రంలోని మిషవాకాలో 1937లో పుట్టాడు. ఐజాక్స్ పెడల్ తొక్కితే బి తీగలూ జి షార్ప్ తీగలూ కలిసి లేచేవి. ఎమన్స్ ఆ పనిని రెండు పెడళ్లకు పంచాడు. జి షార్ప్‌కు సొంత పెడల్ దక్కింది. తొక్కితే ఒక స్వరస్థానం పైకెక్కి ‘ఎ’ అవుతుంది. 1962లో అతనే పైవైపు రెండు తీగలు చేర్చడంతో ఈనాటి పది తీగల శ్రుతికి రూపు వచ్చింది. తరవాత మోకాలి మీటలు పెరిగాయి. వాటిలో ఒకటి ఇదే ఆరో తీగను రెండు స్వరస్థానాలు కిందికి, ఎఫ్ షార్ప్‌కు దించుతుంది. ఒకే తీగను పెడల్ పైకి లాగుతుంది, మీట కిందికి వదులుతుంది. ఇంత చాకిరీ పడ్డాక ఆ తీగ ఎలాంటిదన్న ప్రశ్న తప్పించుకోలేనిదైంది.

వెంట్రుకవాసి లెక్క

వాద్యం కుడి కొసన తీగ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. తీగ కొసనున్న చిన్న ఇత్తడి గుండును ఒక కొక్కేనికి తగిలిస్తారు. అక్కడి నుంచి తీగ గుండ్రటి తలకట్టున్న లోహపు పలక మీదుగా ఎడమ వైపుకు పోతుంది. వాద్యకారులు ఆ పలకను ‘ఫింగర్’ అంటారు. పెడల్ తొక్కితే వాద్యం కింద సన్నటి ఊచ లాగుతుంది, ఫింగర్ కాస్త తిరుగుతుంది, తీగ సాగుతుంది. ఎంత సాగాలో నిర్ణయించేది ఊచ చివరనున్న చిన్న నైలాన్ నట్టు.

స్వరం ఒక స్థానం ఎక్కాలంటే తీగ బిగువు సుమారు 12 శాతం పెరగాలి. రెండు స్థానాలు దిగాలంటే సుమారు 20 శాతం తగ్గాలి. నున్నటి తీగలో ఉక్కంతా లాగుడు మోసేదే, అందువల్ల కాస్త కదిపినా బిగువు బాగా మారుతుంది. 20 వంతుల నున్నటి తీగను జి షార్ప్ నుంచి ఎఫ్ షార్ప్‌కు దించడానికి లెక్క ప్రకారం మిల్లీమీటరులో మూడో వంతు వదిలితే చాలు. చుట్టు తీగలో లాగుడు మోసేది సన్నటి లోపలి తీగ ఒక్కటే. అదే మార్పు రావాలంటే దాదాపు రెట్టింపు వదలాలి. మోకాలు అంత దూరమూ జరగాలి. మీటకు అంత ఆట లేని పాత వాద్యాల్లో చుట్టు తీగ ఎఫ్ షార్ప్ దాకా దిగనే దిగదు.

అయితే నున్నటి తీగే మేలా? తొందరపడకూడదు. వెంట్రుకవాసి కదిలితే స్వరం మారే తీగ, అక్కర్లేని కదలికకూ అంతే చలిస్తుంది. పది తీగల లాగుడు కలిపితే వంద కిలోలు దాటుతుంది. పెడల్ తొక్కితే ఆ లాగుడు ఇంకా పెరిగి, చెక్క కంటికి కనబడనంత వంగుతుంది. దాంతో తొక్కని తీగల శ్రుతి కూడా కాస్త దిగుతుంది. దీన్ని ‘కేబినెట్ డ్రాప్’ అంటారు. అది నున్నటి ఆరో తీగ మీద కొట్టొచ్చినట్టు వినబడుతుంది. చుట్టు తీగ ఆ వంపును చాలావరకు కడుపులో పెట్టుకుంటుంది.

ధ్వనిలోనూ తేడా ఉంది. లావు నున్నటి తీగ బిర్రుగా ఉంటుంది. దాని పై అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు మోగే ఎత్తు స్వరాలు, ఉండాల్సిన చోటికంటే కొద్దిగా ఎక్కి పలుకుతాయి. చుట్టు తీగ తేలిగ్గా వంగుతుంది, అందుకే అనుస్వరాలు శ్రుతికి దగ్గరగా కుదురుతాయి. కింది తీగలన్నీ చుట్టినవే కాబట్టి వాటితో నాదం కలిసిపోతుంది. దానికీ లోట్లున్నాయి. కడ్డీ జరిగినప్పుడు చుట్ల మీద సన్నటి గీకుడు వినిపిస్తుంది. చుట్ల సందుల్లో చెమట, మురికి చేరి నాదం త్వరగా మసకబారుతుంది.

వీణ తెలిసిన చెవికి

ఈ సూత్రం మనకు కొత్త కాదు. వీణ మీద గమకం పలికించాలంటే మెట్టు మీద తీగను పక్కకు లాగుతారు. పాదం కింద పెడల్ చేసే పని అక్కడ వేలు చేస్తుంది. ఎక్కువ గమకాలు మోసే సారణి నున్నటి ఉక్కు తీగ. ఇప్పటి వీణల్లో మంద్ర, అనుమంద్ర తీగలు సాధారణంగా చుట్టినవి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తయారైన వీణ చేతికి తీసుకుని రెండింటినీ ఒకే మెట్టు మీద లాగి చూస్తే, ఏది ఎంత లాగితే ఎంత పలుకుతుందో వేలికే తెలుస్తుంది.

మామూలు గిటార్ మీద కూడా ఈ గొడవ నడిచింది. ఒకప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ మూడో తీగ చుట్టిందే ఉండేది. వంచడానికి వేళ్లు నొప్పెట్టేవి. 1950ల్లో గిటార్ వాద్యకారుడు జేమ్స్ బర్టన్ తన గిటార్‌కు సన్నటి బాంజో తీగలు కట్టుకున్నాడు. 1960ల మొదట్లో ఎర్నీ బాల్ సన్నటి తీగల సెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఎర్నీ బాల్ స్వయంగా స్టీల్ గిటార్ వాద్యకారుడు. మామూలు గిటార్ మీద నున్నటి మూడో తీగ గెలిచింది, ఇప్పుడు ఎక్కువమంది దాన్నే వాడుతున్నారు.

పెడల్ స్టీల్ మీద మాత్రం ఎవరూ పూర్తిగా గెలవలేదు, గెలవనక్కర్లేదు కూడా. ఏ తీగ గొప్పదని అడిగితే జవాబు దొరకదు. ఆ తీగతో మీకేం పని అని అడగాలి. మోకాలితో ఆరో తీగను ఎఫ్ షార్ప్‌కు దించే వాయింపు మీదైతే 20 వంతుల నున్నటిది వేయండి. పెడల్‌తో ‘ఎ’కు ఎక్కించడమే ప్రధానమై, మేళవింపులు కుదురుగా, మెత్తగా పలకాలనుకుంటే 22 వంతుల చుట్టు తీగ వేయండి. ఒకదాని బదులు ఇంకొకటి వేసిన రోజు ఒక్క పని మరవొద్దు: ఆ తీగ నైలాన్ నట్టును, మీట ఆగే చోటును మళ్లీ సరిచేయండి. పాత తీగకు కుదిర్చిన కొలతతో కొత్త తీగ శ్రుతిలో నిలవదు.