మా ఇంటి చివరి కరణం

మా తాతయ్యకు కొత్త సంవత్సరం ఉగాదికి వచ్చేది కాదు, జనవరికీ వచ్చేది కాదు. రెవెన్యూ లెక్కల ఫసలీ ఏడుతోపాటు జూలై ఒకటిన వచ్చేది. ఎప్పుడు పుట్టావని అడిగితే "ఫసలీ 1340" అనేవాడు. దానికి 590 కలుపుకుంటే 1930. తెనాలి తాలూకాలో ఒక చిన్న ఊరికి 1951 నుంచి 1984 దాకా కరణం. ఉద్యోగం ఊడాక అంతకంటే ఎక్కువ కాలమే బతికి, తొంభై రెండో ఏట 2022లో పోయాడు. ఊరికి మాత్రం చివరిదాకా కరణంగారే.

కరణీకం ఇంగ్లీషువాళ్ళు పెట్టింది కాదు. వాళ్ళు రాకముందే ఊరి పొలిమేరలు, మాన్యాలు, ఏ దొర ఏ గుడికి ఎంత భూమి రాసిచ్చాడన్నదీ దండకవిలెల్లో ఎక్కించి దాచింది కరణాలే. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఊరూరి చరిత్రా కూడబెట్టడానికి కావలి సోదరుల్లాంటివాళ్ళను పంపితే, వాళ్ళకు కావలసిన సరుకు దొరికింది ఈ ఇళ్ళలోనే. ఇవాళ గుంటూరు జిల్లా కైఫీయతులని మనం చదువుకునేవాటికి ఆధారం చాలావరకు ఆ కవిలెలే. కంపెనీ 1802లో 29వ రెగ్యులేషన్ తెచ్చి కరణాన్ని తన చట్టంలో కట్టేసుకుంది. 1895 చట్టం వారసత్వాన్ని ఖాయం చేసింది. మా వైపు నియోగుల ఇళ్ళలో అది ఆస్తిలాగే తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. మా తాతయ్యకూ అలాగే వచ్చింది. ముత్తాత పోయిన ఏడాది ఆయన చేతికి ఊరి లెక్కల పెట్టె వచ్చేనాటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదట.

ఈ వరస రాజ్యాంగానికి విరుద్ధమని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు ఎక్కడిదో కాదు, మా తాలూకాదే. పెరవలిపాలెం మునసబు ఉద్యోగం గురించి. తన కాళ్ళ కింది నేలనే తవ్విన తీర్పు అయినా తాతయ్య ఆ కథ చెప్పేటప్పుడు కోపం కంటే గొప్పే ఎక్కువ కనిపించేది. "మన తాలూకా తగువు ఢిల్లీ దాకా వెళ్ళిందిరా!" అనేవాడు.

ఆయన పని నేను చూసింది ఉద్యోగం పోయాకే. పొలం గట్టు దగ్గర పేచీ వస్తే ఇద్దరు రైతులూ కలిసే వచ్చేవాళ్ళు. అటక మీది గొలుసు దించేవాళ్ళం. 66 అడుగులు, నూరు లింకులు, పది లింకులకో ఇత్తడి బిళ్ళ. బిళ్ళకున్న పళ్ళు తడిమి ఎన్నో పదో చెప్పేవాడు, వంగి చూడనక్కర్లేదు. గొలుసు వదులుగా పడితే ఒకడికి నష్టం, మరొకడికి లాభం. అందుకని రెండు కొసలూ ఆ ఇద్దరి చేతికే ఇచ్చేవాడు. "లాగండ్రా, మీ పొలమేగా!" వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు కాబట్టి కాగితం అక్కర్లేదు. పొడుగు 250 లింకులు, వెడల్పు 120 అనగానే "ముప్ఫై సెంట్లు" అని అప్పుడే గట్టు దిగిపోయేవాడు.

ఇంట్లో మాకు ఆయన దేవుడు. ఊరికి అలా అనిపించాల్సిన పని లేదు. జీతం నామమాత్రం, కళ్ళాల్లో రైతులు కొలిచే మేరలే అసలు రాబడి. అయినా ఆ ఉద్యోగం కోసం ఎందుకు కొట్టుకునేవాళ్ళంటే, ఏటేటా సాగు వివరాలు ఎక్కించే అడంగల్లో ఏ గడిలో ఏ పేరు పడాలో నిర్ణయించేది కరణం కలమే. సుమతీ శతకంలో కరణం మీద అన్ని పద్యాలు ఊరికే రాలేదు. 1956లో కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలుదారు హక్కు అడగాలంటే సాగుదారు గడిలో పేరుండాలి. తాతయ్య దగ్గర మిగిలిన పాత నకళ్ళు నేను తిరగేశాను. ఊళ్ళో సగం పొలం కౌలుకే నడిచేదని ఆయనే చెప్పేవాడు. ఆ గడిలో మాత్రం పేజీ తర్వాత పేజీ 'సొంతం', 'సొంతం'. అదే గుండ్రటి దస్తూరీ. అడిగితే, "పేరు రాస్తే ఆసామి మరుసటేడు వాణ్ణి తీసేసేవాడు, వాడి మంచికే రాయలేదు" అన్నాడు. అందులో కొంత నిజం ఉండొచ్చు. ఆ మాట కౌలుదార్లను అడిగి రాసింది మాత్రం కాదు.

అందుకే 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణాలు, మునసబులు, పటేళ్ళు, పట్వారీలు అందరినీ ఒక్క వేటుతో తీసేయడం సబబే అంటాను. మా బామ్మ బతికుండగా ఈ మాట ఇంట్లో అనే ధైర్యం నాకు లేదు. ఆవిడ ఆ తర్వాత రామారావు సినిమా చూస్తే ఒట్టు! కోర్టులకు వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, 1985లో సుప్రీంకోర్టు ఆర్డినెన్సునే నిలబెట్టింది. అదే ఏడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. తాతయ్య కోర్టు గడప తొక్కలేదు. రికార్డులన్నీ జాబితా రాసి అప్పగించి, రసీదు తీసుకుని, ఆ రసీదుకు అట్ట వేసుకున్నాడు. వచ్చిన కొత్త ఉద్యోగికి డొంక ఏదో, పుంత ఏదో తెలియక మా అరుగు మీదికే వచ్చేవాడట. చాలాకాలం ఆ కుర్రాడి అడంగలు మా ఇంట్లోనే తయారైందని నాన్న చెబుతాడు.

చివరి రోజుల్లో డ్రోన్లతో రీసర్వే మొదలైందని పేపర్లో చదివి వినిపించాను. "పైనుంచి గట్టు కనపడుతుంది, ఆ గట్టు ఎవడు జరిపాడో కనపడుతుందా?" అని అడిగాడు. తర్వాత మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసేచోట ఉన్న రాయి ఎక్కడ పూడిపోయిందో, ఏ తుమ్మచెట్టుకు ఎటువైపో చెప్పాడు. రాసుకోమన్నాడు, రాసుకున్నాను. తుమ్మచెట్టు ఇప్పుడు లేదు.

ఊళ్ళో ఎందరి పంపకాలకో హద్దులు కొలిచి పెట్టిన మనిషి, తన ఎకరం ఇరవై సెంట్లకు వీలునామా రాయలేదు. పెద్దకర్మ నాడు భోజనాలు కాకముందే బాబాయిలు ముగ్గురూ ఆ సంగతి ఎత్తారు. సబ్‌డివిజన్ కోసం గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టాం. సర్వేయరు ఇంకా రాలేదు. రోడ్డు వైపు ముక్క తనకే కావాలని చిన్నబాబాయి పట్టుబట్టి కూర్చున్నాడు.