ఒలకని నిప్పు

టాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్ 756లో తిరుగుబాటుదారులకు వెఱచి రాజధానియైన చాంగాన్ నగరమును వీడి పోవుచుండగా, వెంటనున్న సైనికుల పట్టుదలవలన ఆయన ప్రియురాలు యాంగ్ గుయిఫెయి దారిలో ప్రాణములు కోల్పోయెను. మరుసటి యేడు చక్రవర్తి తిరిగివచ్చి ఆమె సమాధిని రహస్యముగా త్రవ్వించెను. దేహము శిథిలమైనను ఆమె ‘పరిమళపు సంచి’ మాత్రము అట్లే యున్నదని పాత టాంగ్ చరిత్ర చెప్పుచున్నది. సంచి యనగా పట్టుగుడ్డతో కుట్టినదే యని తలంచిన పాఠకులకు ఈ మాట వింతగా తోచకమానదు. తడినేలలో మనిషి దేహమే నిలువనపుడు పట్టు ఎట్లు నిలిచినది?

1970లో, ఒకప్పటి చాంగాన్ అయిన షియాన్ నగరమున, హజియా గ్రామముకడ జరిగిన త్రవ్వకములో టాంగ్ కాలపు బంగారు వెండి వస్తువుల నిధి బయటపడినది. అందులో నిమ్మకాయంత వెండిబంతి యొకటి కలదు. అడ్డుకొలత సుమారు 4.5 సెంటీమీటర్లు. ద్రాక్షతీగలు, పక్షులు కనబడునట్లు దాని గోడనంతయు జల్లెడవలె తొలిచినారు. ఆ రంధ్రములగుండా గాలి లోనికి పోవును, పొగ వెలికి వచ్చును. బంతి రెండు చిప్పలుగా విప్పుకొనును, పైన గొలుసున్నది. లోపల చిన్న గిన్నె. అందులో నిప్పు, సుగంధద్రవ్యము ఉంచెడివారు. ఆనాటి ధూపములలో మన దేశమునుండి పోయిన చందనముకూడ చేరుచుండెను.

బంతిని ఎటు దొర్లించినను గిన్నె తలక్రిందులు కాదు. నూతిలోని బొక్కెనను చూడుడు. పిడి చెవులచుట్టు అది ముందువెనుకలకు ఊగి తనంతట తాను సరిగా నిలుచును. కాని పిడినే ప్రక్కకు ఒరగించినచో బొక్కెనయు ఒరగి నీరొలుకును. కారణమేమన, దానికి ఉన్నది ఒక్కటే ఇరుసు. వెండిబంతిలో గిన్నె ఒక వలయమునకు, ఆ వలయము మఱియొక పెద్ద వలయమునకు, అది బంతిగోడకు తగిలింపబడినవి. ప్రతి ఇరుసు దాని ప్రక్కదానికి లంబముగా నుండును. గిన్నె బరువు ఇరుసులకు దిగువన నుండుటచే గురుత్వాకర్షణ దానిని ఎల్లపుడు క్రిందికే లాగుచుండును. ఒక్క వలయము చాలదా యని విద్యార్థి యడుగవచ్చును, మంచి ప్రశ్నయే. సామాన్యపు ఒరుగుళ్లకు చాలును. కాని బంతి దొర్లి మొదటి ఇరుసు నిట్టనిలువైనపుడు, ఒకవైపు ఊగుటకు గిన్నెకు వెంటనే వీలు చిక్కదు. ఆ చిక్కును రెండవ వలయము తీర్చును.

అట్టతో మూడు వలయములు, కొన్ని గుండుసూదులు, అడుగున మైనము అంటించిన ఒక సీసామూత ఉన్నచో తరగతిలోనే దీనిని చేసి చూపవచ్చును. వెలుపలి వలయమే బంతి అనుకొనవలెను. మూతలో నిప్పుకు బదులు ఇసుక పోయుట మంచిది!

ఇక సంచి మాట. తొమ్మిదవ శతాబ్దపు బౌద్ధభిక్షువు హుయిలిన్ తన నిఘంటువులో, పరిమళపు సంచి యనగా లోహముతో గుండ్రముగా చేసిన, ఎటు తిప్పినను లోపలిది ఒరగని ధూపసాధనమని వ్రాసియుంచెను. 1987లో ఫామెన్ ఆలయపు నేలమాళిగ తెరచినపుడు రెండు అట్టి గోళములు దొరకినవి. పెద్దదాని అడ్డుకొలత 12.8 సెంటీమీటర్లు. వానితోపాటు కానుకల పట్టిక చెక్కిన శిలయు లభించెను. అందులో వాని పేరు ‘పరిమళపు సంచులు’ అనియే యున్నది! యాంగ్ గుయిఫెయి సమాధిలో మిగిలినదియు అట్టి లోహగోళమే కావలెనని ఊహించుటకు ఇంతకన్న బలమైన ఆధారము దొరకుట కష్టము.

ఈ ఉపాయము మొదట ఎవరిదనుట తేలని తగవు. హాన్ కాలపు ముచ్చటలను చెప్పు ‘షీజింగ్ జాజి’ యను గ్రంథము, చాంగాన్ శిల్పి డింగ్ హువాన్ పరుపులనడుమ ఉంచదగిన ధూపపాత్రను చేసెననియు, అది అంతకుముందే యుండి మరుగునపడిన విద్య యనియు తెలుపుచున్నది. గ్రీకు రచయిత ఫిలోన్ పేర వచ్చిన గ్రంథములో ఎటు త్రిప్పినను ఒలకని సిరాబుడ్డి వర్ణన యున్నది. అది తరువాత చేర్చినదని కొందరి శంక. ఐరోపాలో మాత్రము ఈ వలయములకు 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు నిలిచినది. తానే కనిపెట్టితినని ఆయన చెప్పుకొనలేదు.

అక్కడి నావికులు దిక్సూచిని ఇట్టి వలయములలో వ్రేలాడదీసి, ఓడ ఊగినను సూది సమముగా నుండునట్లు చేసికొనిరి. వలయములు, దిక్సూచి రెండును ఎరిగిన చైనా నావికులు చాలకాలము నీటిపై తేలు సూదినే వాడిరి.