ఎల్‌ఈడీతో పొదుపు.. బిగింపులో అప్రమత్తత

జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి: గృహజ్యోతి పథకం 2024లో అమల్లోకి వచ్చాక అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్లన్నది కీలకమైన హద్దుగా మారింది. అది దాటిన నెలలో బిల్లు మొత్తం చెల్లించాలి. చెల్పూరులో విద్యుత్తు తయారవుతున్నంత మాత్రాన మీటరు కనికరించదు. 60 వాట్ల పాత బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు ఖర్చవుతాయి. దాదాపు అంతే వెలుతురునిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర యూనిటైనా కాదు.

వెలుతురుకు కొలత ల్యూమెన్లే గాని వాట్లు కావు. 9 వాట్లకు 800 ల్యూమెన్లు దాటినది మేలు. పెట్టెపై బీఐఎస్‌ నమోదు గుర్తు చూడాలి. తేదీ వేసిన రసీదు లేనిదే గ్యారంటీ ఉత్త మాటే.

ఎల్‌ఈడీ త్వరగా పాడయ్యేది చాలావరకు లోపలి డ్రైవర్‌ సర్క్యూట్‌ వల్లనే. అది వేడిని, ఓల్టేజీ హెచ్చుతగ్గులను తట్టుకోలేదు. అందువల్ల గాలాడని గాజు డూముల్లో, పొయ్యికి పైన బిగించరాదు. ఒకే వీధిలో పలు ఇళ్ల దీపాలు ఒక్కసారిగా కాలిపోతే స్తంభం వద్ద న్యూట్రల్‌ తీగ వదులై ఉండవచ్చు. వెంటనే 1912కు ఫోన్‌ చేయాలి.

స్విచ్‌ ఆపినా దీపం మసకగా వెలుగుతుంటే ఉపేక్షించరాదు. స్విచ్‌లో ఇండికేటర్‌ ఉంటే అదే కారణం కావచ్చు. లేకుంటే స్విచ్‌ను ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌ తీగకు కలిపారేమోనని అనుమానించాలి. అలా కలిపితే స్విచ్‌ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చబోయి చేయి తగిలితే ప్రాణాపాయమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి తీగలు సరిచేయించుకోవాలి. దుమ్ము తుడిచేటప్పుడు సైతం మెయిన్‌ ఆపి పొడిగుడ్డనే వాడాలి.