కండరము – కాల్షియము – వంశచరిత్ర

ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగము విని, పైతరములవారిని తలచుకొను మనకు, వంశచరిత్రయే ఒక ప్రాణము నిలిపిన కథ రుచించునని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము రైల్వే గుమాస్తాలమే గాని వైద్యులము కాము. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక!

ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున 21 ఏండ్ల యువకుడొకడు కాలు విరిగి ఆసుపత్రిలో చేరెను. కాలికన్న మత్తుమందుకే అతడెక్కువ జడిసెను. తన బంధువులలో 10 మంది ఈథరు మత్తు వలననే మరణించిరని చెప్పెను. వైద్యులు ఈథరు మాని, హాలోథేన్ అను మందును జాగ్రత్తగా ఇచ్చిరి. అయినను ఒళ్ళు కాలసాగెను. వెంటనే మత్తు ఆపి, మంచుతో చల్లబరచి బ్రతికించిరి. డెన్‌బరో, లొవెల్ అనువారు 1960లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి ప్రకటించిరి.

దీనికి కారణమేమి? కండరపు కణములలో కాల్షియము దాచు అరలున్నవి. నరము ఆజ్ఞ తేగానే వాని ద్వారములు తెరచుకొని కాల్షియము వెలువడును, కండరము బిగియును. కాల్షియము మరల అరలలోనికి పోగా కండరము సడలును. ఈ వంశదోషము గలవారికి కొన్ని మత్తువాయువులు సోకినచో ఆ ద్వారములు సరిగా మూతపడవు. కండరములు బిగిసిపోయి, వేడి పుట్టి, ప్రాణముమీదికి వచ్చును.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో గైస్‌ఫర్డ్ హారిసన్ అను మత్తువైద్యుడుండెను. 1960ల చివర అక్కడ కాలేయమార్పిడి ప్రయోగములకు తెచ్చిన పందులలో కొన్ని హాలోథేన్ సోకగానే ఇట్లే ఒళ్ళు కాలి చచ్చుచుండెను. పని చెడినదని విసుగుకొనక, ఆయన ఆ పందులనే ఏండ్ల తరబడి పరిశోధించెను. కండరముల బిగుతుకు వాడు డాంట్రోలీన్ అను మందు కాల్షియము వెలువడుటను తగ్గించును. దానిని రక్తనాళములోనికి ఎక్కించి చూడగా 8 పందులలో 7 బ్రతికెను. ఇది 1975 నాటి మాట. 1979లో అమెరికాలో మనుష్యులకును ఆ సూదిమందు అనుమతింపబడెను. 1960లలో నూటికి 80 మందిని బలిగొన్న ఈ జబ్బులో మరణములు తరువాత నూటికి పదికన్న తగ్గెను. పందులలోని వంశదోషమేదో 1991లో తేలినది.

సోదరులారా! మన తాతలు పొట్టచేత పట్టుకొని ఊళ్ళు విడిచి వచ్చిరి. చుట్టములు పదిచోట్ల చెదరిపోయిరి. ఏ పెదనాయనయో, ఏ మేనత్తయో ఆపరేషను బల్లమీదనే పోయినచో "విధి" యని ఊరకుందుము. ఆ యువకుడును అట్లే ఊరకున్నచో బ్రతికెడివాడా? కనుక ఈ పండుగకు ఇంటనున్న ముసలివారిని అడిగి, అట్టి మరణములున్నచో పేరు, వరుస, ఏడు ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు. ఆపరేషనుకు ముందు మత్తు ఇచ్చు డాక్టరుగారికి తప్పక చెప్పుడు.