థయోకాల్ నుండి ఛాలెంజర్ వరకు: సీలెంట్ల ఎంపిక - చారిత్రక పరిశీలన

కీలక పదాలు: పాలీసల్ఫైడ్, సిలికోన్, ఫ్లోరో రబ్బరు, స్థితిస్థాపకత, సెన్సార్ పెట్టె.

ఉపోద్ఘాతం:
పరిశ్రమలలో పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్లు తరచుగా నూనెలు, ఆమ్లాలు, ద్రావణుల నడుమ పనిచేస్తాయి. వాటి పెట్టెల అతుకులను మూసే పదార్థానికి రెండు గుణాలు అవసరం. మొదటిది రసాయనాలను తట్టుకోవడం. రెండవది వేడికి, చలికి అతుకు కదిలినప్పుడు దానితోపాటు సాగి, తిరిగి యథాస్థితికి రావడం. ఒక గుణం ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదని 20వ శతాబ్దపు సీలెంట్ల చరిత్ర తెలియజేస్తున్నది.

పాలీసల్ఫైడ్ ఆవిర్భావం:
సహజ రబ్బరు బాగా సాగుతుంది గాని పెట్రోలు, నూనెలు తగిలితే ఉబ్బి బలహీనపడుతుంది. ఈ సమస్యకు పరిష్కారం యాదృచ్ఛికంగా లభించింది. 1920లలో అమెరికాలోని కాన్సాస్ సిటీలో జోసెఫ్ సెసిల్ పాట్రిక్, రేడియేటర్లలో నీరు గడ్డకట్టకుండా కాపాడే చౌక ద్రవం కోసం ఇథిలీన్ డైక్లోరైడ్, సోడియం పాలీసల్ఫైడ్‌ల మధ్య చర్య జరిపించాడు. ఆశించిన ద్రవానికి బదులు దుర్వాసనగల బంక ఏర్పడింది. అది ద్రావణులకు లొంగలేదు. గంధకం, జిగురు అనే అర్థాలుగల గ్రీకు పదాలను కలిపి దానికి 'థయోకాల్' అని పేరు పెట్టారు. 1929లో అదే పేరుతో సంస్థ ఏర్పడింది. 1940లలో ద్రవరూప పాలీసల్ఫైడ్ రాగా, అది విమాన ఇంధన ట్యాంకుల అతుకులను మూయడానికి ఉపయోగపడింది. అదే పదార్థం ఘన ఇంధనానికి బంధకంగా కూడా పనికివచ్చి, సంస్థను రాకెట్ పరిశ్రమలోకి నడిపించింది.

గుణాల నడుమ వైరుధ్యం:
సిలికోన్ తీవ్రమైన చలిలోనూ మెత్తదనాన్ని నిలుపుకుంటుంది. కాని సాధారణ సిలికోన్ పెట్రోలులో ఉబ్బుతుంది. కొన్ని రకాలు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే ఎసిటిక్ ఆమ్లం సెన్సార్‌లోని రాగి భాగాలను తినివేస్తుంది. 1957లో డ్యూపాంట్ ప్రవేశపెట్టిన విటాన్ అనే ఫ్లోరో రబ్బరు ఇంధనాలను, అధిక వేడిని తట్టుకుంటుంది. కాని చలిలో బిరుసెక్కుతుంది.

ఈ లోపం 1986 జనవరి 28న ప్రాణాంతకమైంది. ఛాలెంజర్ వ్యోమనౌక బూస్టర్లను తయారుచేసినది థయోకాల్ వారసత్వ సంస్థయైన మోర్టన్ థయోకాల్. వాటి అతుకులలో ఫ్లోరో రబ్బరు ఓ-రింగులుండేవి. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగించరాదని ఇంజనీర్లు ముందురాత్రి వాదించారు. యాజమాన్యం ఆ అభ్యంతరాన్ని పక్కన పెట్టింది. సుమారు 2 డిగ్రీల వద్ద ప్రయోగం జరిగింది, ఏడుగురు మరణించారు. అతుకు నిర్మాణమే లోపభూయిష్టమని, చలి ఆ లోపాన్ని తీవ్రతరం చేసిందని రోజర్స్ కమిషన్ నిర్ధారించింది.

ఉపసంహారం:
సీలెంటు ఏ రసాయనాన్ని తట్టుకుంటుందన్న ప్రశ్నతో ఎంపిక ముగియదు. ఏ ఉష్ణోగ్రతలో, ఎంత కదలికకు, ఎంత వేగంగా అది స్పందించాలన్నది కూడా నిర్ణయించవలసి ఉంటుంది. ఛాలెంజర్ విషయంలో ఈ ప్రశ్నలు ముందే లేవనెత్తబడ్డాయి. కొరవడినది వాటికి దక్కవలసిన మన్నన.